పక్క చేలో మందు కొడితే మన చేను సంగతేంటి?

సేంద్రియ సేద్యం వీడియోలన్నీ మెట్టలోనే తీస్తారేమోనని నాకో అనుమానం. ఎర్రమట్టి, చుట్టూ కంచె, మధ్యలో బోరు, పక్కన ఒక దేశవాళీ ఆవు. బోరు ఆ రైతుది, నీళ్లూ ఆ రైతువే, కంచె లోపల ఏం చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. చూడ్డానికి చాలా బాగుంటుంది. అది చూసి మా గోదావరి డెల్టాలో ఎవరైనా రెండెకరాల్లో మొదలుపెడితే మాత్రం, ఇక్కడ నీళ్లు ఎవరి సొంతమూ కావని మొదటి సార్వాలోనే (మా వైపు ఖరీఫ్ పంట) తెలిసిపోతుంది.

మా నీళ్ల దారి చెప్తాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు (ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ). అక్కణ్ణుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పెద్ద కాలువలు, వాటి నుంచి పిల్ల కాలువలు, తూముల్లోంచి బోదెలు, బోదెల్లోంచి చేలు. మొత్తం ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. బోదె ప్రతి చేనుకీ వస్తే గొడవే లేదు. చాలా చోట్ల రాదు. పై చేను నిండాక మడవ (గట్టులో నీళ్లు వదిలే గండి) తీస్తే కింది చేనుకి, అది నిండాక దాని కింది చేనుకి, అలా దిగుతూ దిగుతూ చివరికి మురుగు కాలువలోకి పోతాయి. పై చేనాయన పొద్దున్నే పురుగు మందు గుళికలు చల్లాడనుకోండి, మధ్యాహ్నం వాన కొట్టి గట్టు తెగిందనుకోండి, ఆ నీళ్లన్నీ మన చేలోకే. మన దగ్గర సర్టిఫికెట్ ఉందని నీళ్లు ఆగవు కదా.

నేను ఉండేది పాలకొల్లులో. ఉద్యోగం ల్యాప్‌టాప్ మీద. మార్టేరుకీ ఆచంటకీ మధ్య ఉన్న ఒక ఊళ్లో మా నాన్నగారి స్నేహితుడొకాయన సొంత పొలం రెండెకరాలు పూర్తిగా మందుల్లేకుండా చేస్తున్నారు. ఆయన్ని నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను కాబట్టి ఇక్కడ కూడా బాబాయ్ అనే రాస్తాను. ఇంకో మూడెకరాలు కౌలుకి చేస్తారు, అందులో మాత్రం అందరిలాగే పిండీ (యూరియా లాంటి ఎరువుల్ని మా వైపు అలాగే అంటాం) మందులూ వాడతారు. ఎందుకో కింద చెప్తాను. సెలవు రోజుల్లో నేనూ, నాలాంటి మరికొందరూ వెళ్లి చేతనైన పని చేస్తుంటాం.

ఇలా పొలాలకి ఊరికే పని చేయడానికి వెళ్లడం మేం కనిపెట్టిందేమీ కాదు. 1971లో ఇంగ్లాండులో సూ కాపర్డ్ అనే ఆవిడ లండన్‌లో సెక్రటరీ ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో సిటీవాళ్లు సేంద్రియ పొలాల్లో పని చేసే ఏర్పాటొకటి మొదలుపెట్టింది. తర్వాత అదే వూఫ్ అనే పేరుతో చాలా దేశాలకి పాకింది. రోజుకి కొన్ని గంటలు పని, బదులుగా తిండీ పడకా, మధ్యలో డబ్బు ఉండదు. మా దగ్గర ఆ లెక్క పిన్ని దగ్గర ఎత్తితే అయిపోతాం. "పని చేశావని పెడతానా అన్నం, ఇంటికొచ్చావని పెడతాను గానీ" అంటుంది. కంద బచ్చలి కూర చేసిన రోజైతే మేం చేసిన పనికీ తిన్నదానికీ అసలు పొంతనే ఉండదు.

డబ్బు సంగతి ఇంకోచోట అడ్డొస్తుంది. మేం ఊరికే కలుపు తీస్తే, కలుపు కూలి మీద బతికే ఆడవాళ్లకి ఆ పూట పని పోయినట్టే. అందుకని బాబాయ్ మొదట్లోనే ఒక మాట అన్నారు, కలుపు జట్టు వచ్చిన రోజు మీరూ వాళ్ల వెనక దిగి నేర్చుకోండి, వాళ్ల బదులు మాత్రం దిగొద్దు అని. అయినా మేం దిగితే ఏమంత పని అవుతుంది? ఊద అనే కలుపుకీ వరికీ తేడా తెలిసేసరికే సగం సీజన్ పోతుంది. ఆకు కాండాన్ని పట్టుకునే చోట వరికి చిన్న పొరా, నూగు చెవుల్లాంటివీ ఉంటాయి, ఊదకి అక్కడ నున్నగా ఉంటుంది. మొన్నటి సార్వాలో హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు మంచి ఊపు మీద పీకుతుంటే వెనక నుంచి ఒకావిడ "బాబుగారూ, అది వరండీ, దాన్ని బతకనివ్వండి" అంది. చేలో అందరూ ఒకటే నవ్వు.

ఈ కలుపు దగ్గరే అసలు ఖర్చంతా ఉంది. 45 కిలోల యూరియా కట్ట రైతుకి రూ.266.50కి వస్తుంది, సబ్సిడీ ధర. ఒక మనిషి ఒక రోజు కూలి అంతకంటే ఎక్కువ. కలుపు మందైతే ఒక్క మనిషి ట్యాంకు భుజాన వేసుకుని పొద్దున్నే వెళ్లి భోజనాల వేళకి ఎకరాలు తిరిగొస్తాడు. అదే చేత్తో తీయించాలంటే జట్టు దిగాలి, ఒకసారితో అయిపోదు కూడా. మందుల్లేని బియ్యం ధర చూసి "అమ్మో, అంతా!" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మీరు ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఆవు పేడకి పోదు, వంగిన నడుములకి పోతుంది. పోవాలి కూడా.

పేడ అంటే గుర్తొచ్చింది, జీవామృతం. 2016 ప్రాంతం నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం ప్రచారం బాగా జరిగింది కాబట్టి దాని కొలతలు ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, నీడలో 48 గంటలు, పూటకోసారి కర్రతో తిప్పడం. ఎకరాకి ఇది సరిపోతుందంటారు. కొత్తగా వచ్చిన వాలంటీర్లందరికీ ఇష్టమైన పని ఇదే, ఫొటోలు బాగా వస్తాయి. నేను మాత్రం కాస్త లెక్కలు వేసే మనిషిని. పేడలో నత్రజని నూటికి అర పాలు ఉంటే ఎక్కువ, అంటే 10 కిలోల పేడలో 50 గ్రాములు. యూరియా కట్టలో నత్రజని 20 కిలోల పైమాటే. కాబట్టి జీవామృతమే వరికి తిండి అనుకుంటే లెక్క తేలదు. బాబాయ్‌ని అడిగితే ఆయనా అదే అన్నారు: "అది తోడు లాంటిదమ్మా. పాలు వేరే ఉండాలి కదా."

ఆ పాలు పచ్చిరొట్ట. దాళ్వా (రబీ పంట) కోతలయ్యాక చేలో మిగిలిన తేమ మీదో, మొదటి వానల మీదో జీలుగ చల్లేస్తారు. జూన్‌లో కాలువకి నీళ్లు వదిలి దమ్ముకి దిగేసరికి అది నడుము దాకా లేస్తుంది, పూత దశలో అలాగే దమ్ములో కలియదున్నేస్తారు. జీలుగ వేళ్ల మీద బుడిపెలుంటాయి, గాల్లో నత్రజనిని అవే పట్టి పెడతాయి. బాగా పెరిగిన జీలుగ ఎకరాకి ఒక యూరియా కట్టకి తగ్గకుండా ఇస్తుంది, పైగా మట్టికి మెత్తదనం వస్తుంది. మా తాతల కాలంలో ఇది అందరూ చేసిందే, దీంట్లో కొత్త ఉద్యమమేమీ లేదు. మానేయడానికి కారణం కూడా తేలికే. సార్వా వెనకే దాళ్వా పడాలి, దాళ్వా అయ్యాక నీళ్లు కట్టేస్తారు, మళ్లీ నీళ్లొచ్చేలోపు దొరికే ఆ కాస్త సందులో ఎవరికి ఓపిక? యూరియా కట్ట అయితే సొసైటీలో దొరుకుతుంది.

బాబాయ్ దాళ్వాకి వరి వేయరు. సార్వా కోతకి కొద్ది రోజుల ముందు, చేలో ఇంకా తడి ఉండగానే, నిలబడి ఉన్న వరి మధ్యలో మినుములు చల్లేస్తారు. కోసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. ఇదీ పాత పద్ధతే. ఇప్పుడు కోత మిషన్ చక్రాల కింద ఆ మొలకలు నలిగిపోతున్నాయని చాలామంది వదిలేశారు. బాబాయ్ ఆ రెండెకరాలూ మనుషుల చేతే కోయిస్తారు. ఖర్చు ఎక్కువ. ఒప్పుకుంటారు, వాదించరు.

ఇక సుడిదోమ. మా వైపు రైతుకి నిజంగా నిద్రపట్టనివ్వనిది ఇదొక్కటే. మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చేస్తుంది, చేను అక్కడక్కడా గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. యూరియా ఎక్కువై చేను నల్లగా, దట్టంగా పెరిగితే దోమకి పండగ. దాన్ని చూసి కంగారుపడి కొన్ని రకాల మందులు పదే పదే కొడితే ముందు చచ్చేది సాలీళ్లూ, దోమ గుడ్లు తినే చిన్న నల్లులూ. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి, పొదిగి బయటికొచ్చేసరికి అడ్డుకునేవాళ్లెవరూ మిగలరు. శాస్త్రవేత్తలు దీని గురించి ఎప్పటి నుంచో చెప్తున్నారు. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమనీ, గాలీ వెలుతురూ మొదళ్లకి తగలాలనీ, దోమ కనిపిస్తే నీళ్లు తీసి చేను ఆరగట్టమనీ చెప్పేదీ వాళ్లే. బాబాయ్ ఇవన్నీ చేస్తారు.

కానీ ఆరగట్టడం దగ్గర చూడండి మా డెల్టా కష్టం. చేలో నీళ్లు తీయాలి, సరే, ఎక్కడికి తీయాలి? కింది చేలోకి. కింది చేనాయన ముందు రోజే పిండి చల్లుకున్నాడు. ఇప్పుడు మనం మడవ తీస్తే ఆయన డబ్బంతా మురుగు కాలువలో కలుస్తుంది. ఆయన ఊరుకోడు, ఎందుకు ఊరుకోవాలి? ఆయన పిండి వాడటం తప్పని ఆయన గట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇస్తే మన దోమ పోదు. బాబాయ్ ఆ సాయంత్రం వెళ్లి టీ తాగి, రెండు రోజులు ఆగి, మూడో రోజు తీశారు. ఆ రెండు రోజులూ నాకు ఒకటే టెన్షన్. ఆయన మాత్రం ఊరి సంగతులు చెప్పుకుంటూ కూర్చున్నారు.

పై చేనాయనతోనూ ఇలాంటి ఒప్పందమే. మందు కొట్టే ముందు రోజు ఒక ఫోన్ చేస్తే చాలు, ఈయన మడవ గట్టిగా కట్టేసుకుంటారు. అయినా పూర్తిగా ఆపలేం కాబట్టి నీళ్లు వచ్చే మూల ఒక పది సెంట్లు వదిలేశారు, అక్కడ అజొల్లా (నీళ్ల మీద తేలే చిన్న మొక్క) పెంచుతారు, వరి కూడా ఉంటుంది, నీళ్లు ముందు అక్కడ నిలిచి తర్వాత మిగతా చేలోకి వెళ్తాయి. ఆ పది సెంట్ల ధాన్యం మా బస్తాల్లో కలపం, మామూలు మిల్లుకి పోతుంది. ఎవరూ అడగకపోయినా అలా చేస్తున్నందుకే ఆ బియ్యం నేను నమ్మకంగా అమ్మగలుగుతున్నాను.

ఇదంతా చదివి పిండీ మందులూ వాడేవాళ్లని నేను తిడుతున్నాననుకోకండి. బాబాయ్ ఊరికి కూతవేటు దూరంలోనే మార్టేరు వరి పరిశోధనా కేంద్రం ఉంది, 1925 నుంచీ నడుస్తోంది. స్వర్ణ వరి రకం, అదే ఎంటీయూ 7029, అక్కణ్ణుంచే 1982లో వచ్చి దేశమంతా పాకింది. దానికి ముందు, 1967లో, ఐఆర్ 8 అనే వరి రకం కొత్తగా వచ్చినప్పుడు ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించి మిస్టర్ ఐఆర్ 8 అని పేరు తెచ్చుకున్నారు. దేశంలో తిండికి కటకటగా ఉన్న రోజులవి. అప్పుడు చేసింది అప్పటి అవసరం. దేశవాళీ విత్తనమైతేనే సేంద్రియం అనే పట్టుదల కూడా బాబాయ్‌కి లేదు. ఒక ఎకరంలో స్వర్ణే వేస్తారు, తక్కువ నత్రజనితో కూడా అది నిలబడి పండుతుందని. ఇంకో ఎకరంలో కులాకార్ లాంటి ఎర్ర బియ్యమో, చిట్టిముత్యాలో. పొడుగ్గా పెరిగే ఆ రకాలు నవంబర్ తుపానుకి పడిపోతాయి, కోనసీమని 1996లో ముంచిన తుపాను కూడా నవంబర్ 6నే వచ్చింది, ఆ నెల దాటేదాకా ఇక్కడ ఎవరికీ ధైర్యం ఉండదు.

నాకు అసలు కొరుకుడుపడనిది వేరే ఉంది. మా డెల్టాలో పండించేది మేం తినం. సార్వా స్వర్ణ బస్తాలు బస్తాలుగా బయటికి పోతుంది, దాళ్వా బొండాలు (లావు రకం ధాన్యం) ఉప్పుడు బియ్యమై కేరళ పోతాయి, మేం మాత్రం కిరాణా కొట్లో సన్న బియ్యం సంచి కొనుక్కుని తింటాం. వరి చేల మధ్యలో ఉన్న ఇంట్లో! తన చేలో ఏం కొట్టాడో రైతుకి తెలుసు, ఆ బియ్యం తన పిల్లలు తినరనీ తెలుసు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, ఏర్పాటే అలా ఉంది. బాబాయ్ చేసిన మార్పంతా, నా లెక్కలో, ఇక్కడే ఉంది. ఆ రెండెకరాల్లో వాళ్లింట్లో వండుకునేదే పండిస్తారు, మిగిలింది అమ్ముతారు.

మరి కౌలు మూడెకరాల్లో ఎందుకు చేయరు? కౌలు బస్తాల్లో ఉంటుంది. పంట తగ్గినా కౌలు తగ్గదు. మందులు మానేసిన మొదటి రెండేళ్లు ఆయన సొంత చేలోనే దిగుబడి బాగా పడిపోయింది, ఆ దెబ్బ కౌలు చేలో తగిలితే అప్పే. పైగా సేంద్రియం అని ముద్ర పడాలంటే వరి లాంటి పంటకి రెండేళ్లు మార్పిడి కాలం గడవాలి. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి ఇచ్చే సాగు హక్కు పత్రం చెల్లేది 11 నెలలు, అదీ భూమి యజమాని సంతకం పెడితేనే. 11 నెలల కాగితం చేతిలో పెట్టుకుని, రెండేళ్ల తర్వాత బాగుపడే మట్టి మీద ఎవరు ఖర్చు పెడతారు? డెల్టాలో సాగు చేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతమందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. సేంద్రియ సేద్యం సభల్లో ఈ ముక్క ఎవరూ ఎత్తకపోవడం నాకు చికాకు. ఆవు గురించి గంట మాట్లాడతారు.

వాలంటీర్లు నిజంగా పనికొచ్చేది నాట్లకీ కోతలకీ కాదని నాకు మెల్లగా అర్థమైంది. ధాన్యం గాదెలో పడ్డాక మా పని మొదలవుతుంది. పెద్ద మిల్లు వాళ్లు మన పది బస్తాలు విడిగా ఆడరు, వాళ్ల ధాన్యంతో కలిసిపోతుంది. చిన్న మర వెతకాలి, ముందు రోజు దాన్ని శుభ్రం చేయించాలి, దగ్గరుండి ఆడించుకోవాలి. 75 కిలోల బస్తా ఆడిస్తే 50 కిలోల బియ్యం రావడమే గగనం, చిన్న మరలో నూక పోను ఇంకా తగ్గుతుంది. పాలిష్ తక్కువ పట్టిన బియ్యానికి తవుడు పొర ఉంటుంది, అందులో నూనె ఉంటుంది, కాబట్టి రెండు మూడు నెలలకి పురుగు పడుతుంది, ముక్కవాసన వస్తుంది. అది తెలియక సంవత్సరానికి సరిపడా కొనేసి, తర్వాత ఫోన్ చేసి "మందుల్లేవన్నారు, పురుగులున్నాయేంటండీ" అంటారు. మందుల్లేవు కాబట్టే ఉన్నాయండీ! అందుకని ఇప్పుడు ధాన్యంగానే నిల్వ ఉంచి, నెలకోసారి ఆర్డర్లు వాట్సాప్‌లో రాసుకుని, అంతవరకే ఆడిస్తున్నాం. ఎక్సెల్‌లో ఆ లెక్కలు చూసేది నేను. బురదలో దిగిన ఫొటోకి వచ్చినన్ని లైకులు దీనికి రావు గానీ, కొంతమంది సీజన్ మొదట్లోనే డబ్బు కట్టేయడం వల్ల బాబాయ్ ఈసారి వడ్డీకి తేకుండా నాట్లు వేశారు.

రుచి అడుగుతారు అందరూ. నిజం చెప్పాలంటే అన్నంలో నాకు తెలిసిన తేడాలో సగం రకం వల్ల, సగం పాలిష్ వల్ల. కొత్త బియ్యమైతే ఏ రకమైనా ముద్దవుతుంది, దానికీ నన్నే అంటారు. గట్టు మీద పెంచిన ఆనపకాయా, బెండకాయా, గోంగూరా మాత్రం వేరు, కోసిన గంటలో పొయ్యెక్కుతాయి కాబట్టి. నోటికి తెలిసే తేడా కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, పెరట్లో రెండు పాదులు పెట్టుకోండి చాలు. ఆ చేలో గట్టు కింద నత్తలూ కప్పలూ కొంగలూ ఉన్నాయి, ట్యాంకు మోసి తల తిరిగి పడిపోయేవాళ్లు లేరు. నేను డబ్బు పెట్టేది దానికి.

ఇప్పుడు మా తలనొప్పి పీజీఎస్. పెద్ద సర్టిఫికేషన్ ఖర్చు చిన్న రైతు భరించలేడు, దానికి బదులు రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి ఇది. గుంపుకి కనీసం ఐదుగురు, దగ్గర దగ్గర వాళ్లు కావాలి. ఒకే బోదె కింద ఐదుగురు దొరికితే నీళ్ల గొడవ కూడా చాలావరకు తీరిపోతుంది కాబట్టి బాబాయ్ పట్టుబట్టి ఆ బోదె వాళ్లనే అడుగుతున్నారు. నలుగురయ్యారు. వాళ్లలో ఒకరైన పై చేనాయన ముందు అర ఎకరం చేసి చూస్తానన్నారు, ఫోన్ చేసి చేసి ఆయనకే ఆసక్తి పుట్టినట్టుంది. ఐదో ఆయన సిద్ధమే కానీ కౌలుదారు. చేను యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. కౌలు తగ్గించమని అడగట్లేదు, మూడేళ్లకి ఒకేసారి రాసిమ్మని అడుగుతున్నాం, కావాలంటే ఏడాదంతా వాళ్లింటికి బియ్యం పంపిస్తామన్నాం. పండక్కి ఊరొచ్చినప్పుడు మాట్లాడదాం అన్నారట. జీలుగ విత్తనాలు మాత్రం ఐదుగురికీ సరిపడా తెచ్చి బాబాయ్ వాళ్ల సావిట్లో పెట్టేశాం.